అమ్మ తోమిన వెండి రూపాయలు

కూర్మన్నపాలెం

చి॥ ఇంద్రజకు, నేను రెండు పూటలా తింటున్నాను, కంగారు పడకు.

నువ్వు చెప్పినట్టే తాతగారి వెండి రూపాయలు పదకొండూ ధర కట్టించడానికి పట్టుకెళ్ళాను. మీ అమ్మ పోయాక ఆ మూట విప్పడం ఇదే మొదలు. మా ప్లాంటులో పనిచేసి, ఇప్పుడు తగరపువలసలో పాత నాణేలు కొంటున్న అప్పలసూరి భూతద్దం పెట్టి చూశాడు.

"ఏటి బావా, రాజుగారి మీసాలు అరిగిపోనాయి! ఎవులు తోమీసినారు?"

ఏటా శ్రావణ శుక్రవారం పూజకి మీ అమ్మ చింతపండుతో తోమేదని చెప్పాను.

"నల్లగా వదిలేసుంటే మంచి ధర పలికీది. ఇప్పుడు వెండి తూకమే. అమ్మీస్తావా?"

రూపాయల అంచు గాడుల్లో ఇంకా పసుపుంది. వద్దని మూట కట్టుకుని వచ్చేశాను.

తోమొద్దని ఒకసారి నేనూ ఆమెను కసిరాను. "మాసిన మొహాలతో అమ్మవారి ముందు కూర్చోబెట్టనా?" అని నవ్వింది.

పాప దగ్గు తగ్గిందా? పెసరపప్పు డబ్బా ఎక్కడ పెట్టావో రాయి.

శ్రావణానికి ముందే రూపాయలు తెచ్చి నీకిస్తాను. కావలసినంత తోముకో తల్లీ, ఈసారి నేనేమీ అనను. అల్లుడికీ పాపకీ నా ఆశీస్సులు.

నాన్న