అక్క ఆగిన చోటు

నవంబర్ 2, ఆదివారం

అక్క నీహారిక పోయి నెల దాటింది. ఈరోజు డార్లీన్ వచ్చింది, బనానా బ్రెడ్ పట్టుకుని. అక్క దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్లలో ఒకే ఒక్క తెల్లావిడ. క్లాసులో చేరిన కొత్తలో ఏదో కచేరీలో తంబురా శ్రుతి చూసుకోవడం అవగానే చప్పట్లు కొట్టిందని అక్క చెప్పి చెప్పి నవ్వేది. క్లాసులన్నీ ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది. ఆష్‌బర్న్‌లో తన ఇంటి నుంచి ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ రోజూ అవే వింటుందట. మొదట్లో పాట ఎటు పోతోందో అర్థమే కాలేదట. ఇప్పుడు వినకపోతే రోజు గడవదట. గుళ్లో అక్క సంస్మరణ సభలో ఆనందభైరవి కీర్తన పాడతానంది. సరే అన్నాను. ఎలా పాడుతుందో ఏమో.

నవంబర్ 9

మా లివింగ్ రూమ్‌లో పాడింది. మృదంగం వాయించే దత్తాత్రేయ గారు కూడా వచ్చారు. యాస ఉంది, ఉండదా మరి. కానీ అనుపల్లవిలో పై స్వరానికి వెళ్లి ఆగింది. చిన్నగా ఊపిరి లాగింది. మళ్లీ అందుకుంది.

నాకు ఒళ్లు జలదరించింది. అది అక్క ఊపిరి. ఊపిరితిత్తులు పాడయ్యాక అక్క ఆ లైను ఏకబిగిన పాడలేకపోయేది. డార్లీన్ చేరింది అప్పుడే. ఆమె విన్నవన్నీ జబ్బు రోజుల పాటలే. కీర్తనే అలా ఉంటుందనుకుంది, పిచ్చి తల్లి.

నవంబర్ 10, ఉదయం 7

దత్తాత్రేయ గారి ఫోన్. ఆ ఆగడంతో తాళం తప్పుతోందట. నీహారిక నేర్పింది ఇంతేనా అనుకుంటారమ్మా, నువ్వే చెప్పాలి అన్నారు. చెప్తానన్నాను.

నవంబర్ 14

చెప్పలేదు. ప్రాక్టీస్ అని పిలిచి మళ్లీ పాడించుకున్నాను. ఆ లైను దగ్గర కళ్లు మూసుకున్నాను. చాలా బాగుంది, ఇంకోసారి అన్నాను. నాకు పాట అక్కర్లేదు. అక్క కావాలి. సిగ్గు లేదు నాకు.

నవంబర్ 16

డార్లీన్ పాడుతుంటే పైగదిలోంచి నా కూతురు రియా కేకేసి అడిగింది, పెద్దమ్మ వీడియో పెట్టావా అని.

నవంబర్ 19

చెప్పేశాను. అక్క పేరు చెడితే ఊరుకోలేను.

పాట మొత్తంలో డార్లీన్‌కి అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదేనట. కార్‌లో అక్కడికి రాగానే తనూ ఊపిరి లాగేదట. అది ఆవిడ బాధ అని తెలీదు, సారీ అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వెళ్లేటప్పుడు, సరిచేసుకుంటానంది.

నవంబర్ 23, సాయంత్రం

సభ అయింది. డార్లీన్ చీర కట్టుకుని వచ్చింది. ఆ లైను ఎక్కడా ఆగకుండా పాడింది. దత్తాత్రేయ గారు తలూపారు. అక్క ఇక నిజంగా లేదు అనుకున్నాను.

అప్పుడే హాల్లో ఎవరో ఊపిరి లాగారు. అది నువ్వే మమ్మీ అంటోంది రియా.

నేను కాదు.