మంద బొమ్మలో పెద్ద ఎవరు

మార్చి 9
తమ్ముడు లింగయ్య నా పెద్దరికం లాక్కున్నాడు. నేను కాలు విరిగి జడ్చర్ల దవాఖానలో పడి ఉన్నప్పుడు. ఏళ్లు గడిచాయి, మరవలేదు. మా మంద ఏ రాత్రి ఎవరి చేనులో పడుకోవాలో, ఎవరి చేనుకు ఎరువు అందాలో చెప్పే మాట నాయిన తర్వాత నాది. ఇప్పుడు రైతులంతా వాడి గుమ్మం ముందే. నా అరుగు వైపు ఎవరూ చూడరు.

మార్చి 11
మనవరాలు శిరీష వచ్చింది. ఎం.టెక్ ఆఖరి ప్రాజెక్టు. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే చాలట— ప్రోగ్రాం అంతా మిషనే రాస్తుందట. మన మందనే బొమ్మ గీసింది. గొర్రెలు ఒక డబ్బా, చేను ఒక డబ్బా, రైతు ఒక డబ్బా. నడుమ గీతలు. పైన 'పెద్ద' అని ఇంకో డబ్బా.
"మంద ఎంట నడిచెటోడే పెద్దనట తాతా. చిన్నతాత చెప్పిండు."
"వాడు చెప్పిండా! నన్ను అడిగినవా?"
అన్నం తినలేదు.

మార్చి 12
మధ్యాహ్నం కునుకు. తెల్లటి తెర మీద గొర్రెలు... గీతల వెంట, చప్పుడు లేకుండా. డబ్బాలోకి దూరి మబ్బుల్లా బయటికి వస్తున్నాయి. వెనక నేను. కాలు కుంటడం లేదు. లేవబుద్ధి కాలేదు.

మార్చి 14
శిరీషను గట్టిగా అడిగాను. మిషన్ రాసిన రాతలో 'పెద్ద' అన్నచోట నా పేరు చేత్తో టైపు చేసి పెట్టింది. ఫోన్‌లో చూపింది. పొద్దంతా మనసు చల్లగా ఉంది.

మార్చి 15
పేరు పోయింది. బొమ్మలో ఏదో కలిపి మళ్లీ రాయించిందట. మళ్లీ లింగయ్యే.
"చేత్తో పెట్టింది నిలువదు తాతా. మిషిన్ మల్ల రాస్తే కొట్టుకపోతది. బొమ్మనే మారాలె."
"మార్చు. ముందు పుట్టినోడే పెద్ద అని గీయి."
"గీస్త. గట్లయితే రేపు మీ ఇద్దరి తర్వాత మా బాపు పెద్దయితడు. లారీ తోలెటోడు, గొర్రెకు పొట్టేలుకు తేడా తెల్వనోడు. సరేనా?"
నవ్వు వచ్చింది. కొడుకు మీద కోపమూ వచ్చింది.

మార్చి 16
గుట్ట కింద మంద. పసుపు ఎండలో దుమ్ము తేలుతోంది... దుమ్ములో తమ్ముడి తలపాగా. వాడు నడుస్తున్నాడు. నేను నడవలేను.

మార్చి 17
"మంద ఎంట నడిచెటోడు, ఏ చేను వంతో చెప్పెటోడు... ఇద్దరినీ ఒక్క డబ్బల ఎందుకు కుక్కిండ్రు తాతా?"
నాయిన నడిచాడు, నాయినే చెప్పాడు. వేరు చేయవచ్చని మాకెవరికీ తోచలేదు. శిరీష డబ్బాను రెండు చేసింది.
"చిన్నతాత ఒప్పుకోవాలె. లేకుంటే ఇది ఉత్త బొమ్మనే."

మార్చి 18
కర్ర పట్టుకుని వాడి గుమ్మం దాకా పోయాను. కాలు విరిగాక ఇదే మొదలు.
"ఏందన్నా, తొవ్వ తప్పినవా?"
"తప్పలే. మంద నువ్వు నడుపు. వంతు నేను చెప్త."
గొంగడి దులిపాడు. "సూద్దాంలే."
"సూసుడు గాదు. శనివారం పొద్దుగాల పిల్ల బస్సెక్కుతది. గా లోపల చెప్పాలె. కాదంటే నా మొకం మీదనే అను."
చాయ పెట్టమని లోపలికి కేకేశాడు. నాకు కావలసింది చాయ కాదు. శనివారం, బస్సు రాకముందు— వాడి మాట.