ఉండి తీరాల్సినవాడు

కోటయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇలాంటివి నీకు గిట్టవని తెలిసీ మీ ఆవిడ సంవత్సరీకం పెట్టింది. భోజనాలయ్యాక మీ అమ్మాయి పద్మ నా పక్కన కూర్చుని, "బాబాయ్, నువ్వూ మా నాన్నా కారంపూడి బస్టాండులో దేని గురించి అంత అరుచుకునేవాళ్లు?" అని అడిగింది.

దేవుడి గురించేనని చెప్పాను. "ఏ లోటూ లేనివాడే దేవుడు. లేకపోవడమూ లోటే గదా, అందుకని ఆయన ఉండి తీరాలి" అనేవాణ్ణి నేను. "ఏ లోటూ లేని ఎద్దును తలుచుకుంటా. నా కొట్టంలోకి వచ్చిద్దంట్రా?" అని నువ్వు బల్ల గుద్దేవాడివి. మన టీలు చల్లారిపోయేవి.

"నీ మాటే నిజమైతే మా నాన్న ఉండాల్సింది గదా బాబాయ్" అంటూ పద్మ కళ్లు తుడుచుకుంది.

"మీ నాన్నకు లోట్లు లేకపోవడమేందమ్మా! చుట్ట మానలేదు, పేకాటలో దొంగాట ఆడేవాడు, చానా మొండోడు" అన్నాను. ఏడుస్తూనే నవ్వేసింది పిల్ల. వంటింట్లోంచి మీ ఆవిడ, "గురక మర్చిపోయావు అన్నయ్యా!" అని కేకేసింది.

ఒరేయ్, ఇన్ని లోట్లున్నా నువ్వు ఉండి తీరాలనే మా అందరికీ అనిపించింది. దీన్ని రుజువు చేసే వాదన మాత్రం నా దగ్గర లేదు.

నీ
వెంకటేశ్వర్లు