కొలతలు అమ్మ వరసలో

చెల్లీ,

మా అమ్మాయి నా కుట్టుపనిని ఇంటర్నెట్‌లో పెట్టిన దగ్గర్నుంచి, మొహం తెలియని మనుషుల కొలతలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడుతున్నాయి. మన వీధి దాటని నా కుట్టు ఇప్పుడు విమానాలెక్కుతోంది. మిషను తొక్కుతుంటే ఆ భుజాలూ నడుములూ గదిలో మబ్బుల్లా తేలుతున్నట్టుంటుంది. "కలలు కన్నది చాల్లే అమ్మా, సూది గుచ్చుకుంటుంది" అంటుంది అది.

మంగళవారం ఒక కోటుకి ఆర్డరొచ్చింది. పేరు కొత్తది. కొలతలు మాత్రం ముందు చేతులు, చివర మెడ. ప్రపంచం మొత్తంలో అలా రాసేది అమ్మ దగ్గర పని నేర్చుకున్న మనిద్దరమే. కింద "ఎడమ భుజం అరంగుళం కిందికి" అని ఉంది. చిన్నప్పుడు కటింగ్ బల్ల మీంచి నువ్వు పడ్డ రోజు కళ్ళముందు ఆడింది.

అమ్మ నీకు తెలియకుండా ఆ భుజంలో పల్చగా దూది పెట్టి కుట్టేది. నేనూ పెట్టాను.

తొమ్మిదేళ్ళ కిందట నేనన్న మాట నాకు గుర్తుంది. నువ్వూ మరిచిపోయి ఉండవు. నోటి దురుసు నాదే.

ఈ ఉత్తరం కోటు జేబులో పెడుతున్నాను. సరిపోకపోతే వెనక్కి పంపమని పార్శిల్లో ఇంకో కాగితం ఉంటుంది. నువ్వు పంపకు. వేసుకుని రా.

అక్క