అచ్చం నీలాగే

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి,

అక్క ఆశీస్సులు. అమ్మా నేనూ క్షేమమే. నువ్వూ, మరిదిగారూ, పిల్లాడూ కులాసా అని తలుస్తాను. పది నిమిషాల ముందు పుట్టి ఆశీస్సులేమిటని నవ్వుకో, ఆ హక్కు మాత్రం వదులుకోను.

ఇంగ్లీషులో ‘లైక్’కీ ‘సేమ్’కీ తేడా ఏమిటని మీవాడు అడిగాడని రాశావు. చదువు అంతంతమాత్రమే గానీ, ఇరవై ఏళ్లుగా బూట్ల కార్ఖానాలో జోడీలు కలుపుతున్నదాన్ని, నన్నడక్క ఎవర్నడుగుతాడు? లైక్ అనాలంటే రెండుండాలని చెప్పు. ఒకదానిలా ఇంకొకటి. సేమ్ అంటే ఉన్నది ఒక్కటే, నిన్న తొడుక్కున్న బూటే ఇవాళా తొడుక్కోవడం. లైక్ అంటే ఇష్టపడటం కూడానట. దానికీ ఇద్దరుండాలిగా! చేరిన కొత్తలో, తోలు రంగు భలే కలిసిందని మురిసిపోయి, రెండు ఎడమకాలి బూట్లు ఒకే పెట్టెలో పెట్టేశాను. మేస్త్రీ తల పట్టుకుని, "కవలపిల్లవి కదా, నీకన్నీ ఒకేలా కనబడతాయి కాబోలు" అన్నాడు.

అమ్మ సంగతి అడిగావు. పగలు పక్కింటావిడ కనిపెట్టుకుని ఉంటోంది. మతిమరుపు ముదిరింది. నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది, కోప్పడకు.

మూడు నెలల కిందట నేను పని నుంచి వచ్చేసరికి, అమ్మ నా ముఖం చూసి, "చిన్నదీ, వచ్చావా తల్లీ!" అని ఏడ్చేసింది. నువ్వు రాక రెండేళ్లాయె. కాదనడానికి నోరు రాలేదు. "వచ్చానమ్మా" అన్నాను. ఒక్క పూటకేలే అనుకున్నాను. మర్నాడూ నేను నువ్వే. అప్పట్నుంచీ నీలాగే గలగలా వాగుతున్నాను, నీలాగే పాటలు పాడుతూ జడ వేస్తున్నాను. నా చేత్తో మందంటే పేచీ పెట్టే మనిషి, నీ చేత్తో అయితే గుటుక్కున మింగుతోంది. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ హాయిగానే ఉండేది. అమ్మ నన్నెప్పుడూ అంత ముద్దు చేయలేదు.

ఇప్పుడు భరించలేకపోతున్నాను. ఇంట్లో నన్ను నన్నుగా పిలిచే మనిషే లేదు. నిన్న జడ వేస్తుంటే అమ్మ గొంతు తగ్గించి, "పెద్దదానికి నామీద కోపమేమోనే. చిన్నప్పట్నుంచీ చాకిరీ అంతా దాని నెత్తినే రుద్దాను. అందుకే ఇటు తొంగి చూడదు" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. "నేనే పెద్దదాన్నమ్మా" అనేశాను.

"చాల్లే, అక్కని వెక్కిరించకు" అని చేతిమీద ఒక్కటి వేసింది. "దానికో ఉత్తరం రాయి. నేనేమీ అడగను, వచ్చి కాసేపు పక్కన కూర్చుంటే చాలని రాయి."

రాస్తానన్నాను. ఎక్కడికి రాయాలో తెలియక నీకు రాస్తున్నాను. నాలుగు రోజులు సెలవు పెట్టి రా చెల్లీ. నన్ను చూపించి, పెద్దది వచ్చిందని నువ్వు చెప్పు. నేను చెబితే నమ్మడం లేదు.

ఇట్లు,
నీ కోసం చూస్తున్న
అక్క