పదికి రెండు

శిక్షణ విభాగం పెద్ద అధికారి గారి సముఖమునకు,
ఇదే భవనంలో నాలుగు అంతస్తుల మొక్కలకు నీళ్లు పోసే ముసలివాడు వ్రాసుకొన్న అర్జీ.
బుధవారం.

విషయం: కొత్తగా చేరిన పట్టభద్రుల శిక్షణలో ఏడో నంబరు అమ్మాయికి నేను వేసిన మార్కులు అబద్ధమని ఒప్పుకొనుట, ఆమెను శుక్రవారం నాడు పంపివేయకుండా ఆపించుకొనుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఈ భవనంలో పదకొండు సంవత్సరములుగా పని చేయుచున్నాను. ఇంతవరకు ఎవరికీ అర్జీ పెట్టుకొన్నవాడను కాను. నా చదువు ఊరి బడిలో ఐదో తరగతి. తప్పులుంటే మన్నించవలెను. అసలు సంగతి మూడో అంకెలో ఉన్నది. మొదటి రెండూ చిన్నవి. నేరుగా మూడోది రాద్దామని రెండు కాగితాలు మొదలుపెట్టి చించేశాను, చెయ్యి సాగలేదు. అందుచేత మొక్కలతో మొదలుపెడుతున్నాను.

1. శిక్షణకు వచ్చిన పిల్లలు తాగగా మిగిలిన కాఫీని కుండీలలో పోయుచున్నారు. చీమలు పడుతున్నవి. పరీక్ష ఉన్న రోజు పొద్దున మరీ ఎక్కువ. గొంతు దిగక పోస్తారని నా అనుమానం. వాళ్లను ఏమీ అనవద్దు. మెట్ల దగ్గర ఒక బకెట్టు పెట్టిస్తే చాలును.

2. రెండో అంతస్తులో ఏసీ గాలి నేరుగా ఆకుల మీద కొట్టుచున్నది. దాని మూతి కొంచెం పక్కకు తిప్పించవలెను.

3. పోయిన వారం సోమవారం నాడు శిక్షణ ఇచ్చే సారు నన్ను మెట్ల మీద ఆపి, ఈ పూట నీళ్లు పక్కన పెట్టి శిక్షణ గదికి రమ్మన్నారు. మూడు నెలల శిక్షణ ముగింపుకొచ్చిందట. ఒక్కొక్కరు తాము తయారుచేసిన ప్రోగ్రాము గురించి కంప్యూటరు తెలియని మనిషికి పది నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పాలట. రేపు వీళ్లకు తగిలే కస్టమర్లకూ మీకు తెలిసినంతే తెలుస్తుంది తాతా, ఊరికే విని కాగితం మీద మార్కులు వేయండి అన్నారు. స్టోర్సు నుంచి ఇద్దరు సార్లు కూడా నాతోపాటు కూర్చున్నారు. ముగ్గురి మెడల్లోనూ కస్టమర్ అని రాసిన బిళ్లలు వేశారు. కాగితాల మీద మా పేర్లు ఉండవని, ఎవరు ఎంత వేసిందీ పిల్లలకు తెలియదని చెప్పారు.

ప్యాంటు అంచులు తడిగా ఉన్నాయని కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చున్నాను. మెత్తటి కుర్చీ. ఆ గదిలో నేను కూర్చోవడం పదకొండేళ్లలో అదే మొదలు.

పిల్లలు పన్నెండు మంది. మొదటి ఆరుగురూ గోడ మీద బొమ్మలు చూపించి గడగడా చెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గు. అందుకని తలూపాను. ఆరో అబ్బాయి అయ్యేసరికి మెడ నొప్పి పుట్టింది. ఆరుగురికీ పదికి పది వేశాను.

ఏడోది ఆ అమ్మాయి. ఆమెను నేను ముందే ఎరుగుదును. మధ్యాహ్నం అందరూ కిందికి భోజనానికి వెళితే, రెండో అంతస్తు మెట్ల మలుపులో పెద్ద కుండీ ముందు నిలబడి పాఠం అప్పజెప్పుకునేది. ముందు మొక్కకు గుడ్ మార్నింగ్ చెప్పి మొదలుపెట్టేది. నేను వస్తే ఆగిపోయి నీళ్లడబ్బాకు దారి ఇచ్చేది.

ఆ రోజు ఆమె కూడా గోడ మీద బొమ్మతోనే మొదలుపెట్టింది. నేను తలూపాను. రెండు నిమిషాలు కాకముందే ఆపేసి, నా కుర్చీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"తాతగారూ, మీరు తలూపుతున్నారు గానీ నేను చెప్పేది మీకు అర్థం కావట్లేదు కదా?"

వెనక వరసలోంచి ఒక అబ్బాయి, "గంగిరెద్దుని అడిగితే ఏం చెబుతుంది?" అన్నాడు. గది ఘొల్లుమంది.

అయ్యా, ఊరి బడిలో మా అయ్యవారు నాకు పెట్టిన పేరు అదే. అర్థమైందిరా అంటే తలూపేవాణ్ణి, ఏమర్థమైందిరా అంటే నీళ్లు నమిలేవాణ్ణి. ఐదో తరగతి అయ్యేసరికి నా అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. నేను బడి మానేసిందే ఆ పేరు తప్పించుకోవడానికి. అరవై ఏళ్ల తరువాత మెత్తటి కుర్చీలో కూర్చుంటే మళ్లీ వచ్చి పట్టుకుంది.

ఆ మాట అన్నది అబ్బాయి. నాకు కోపం వచ్చింది అమ్మాయి మీద. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

ఆమె మాత్రం నవ్వలేదు. బొమ్మ ఆపేసింది. గది మూల ఉన్న మందపాటి ఆకుల మొక్కను కుండీతో సహా ఎత్తి తెచ్చి నా ముందు పెట్టి, తను నేల మీద కూర్చుంది. దీనికి నీళ్లు ఎవరు పోస్తారని అడిగింది. నేనే పోస్తానన్నాను. ఇంకెవరన్నా పోస్తారా అంది. మధ్యాహ్నం పనికి ఒకామె వస్తుందని చెప్పాను. పొద్దున మీరు పోసినట్టు ఆమెకు ఎలా తెలుస్తుందంది. మట్టి ముట్టుకు చూస్తుందమ్మా అన్నాను. ఏసీకి పైమట్టి ఆరిపోతుంది కదా తాతగారూ అంది. నిజమే. పైన పొడి, కింద బురద.

"మీరూ మంచి పనే చేస్తున్నారు, ఆమే మంచి పనే చేస్తోంది. మధ్యలో మొక్క చస్తోంది," అంది.

వేళ్లు కుళ్లి వారానికి రెండు మూడు మొక్కలు ఎందుకు పోతున్నాయో పదకొండేళ్లుగా నాకు తెలియదు. ఆమె రెండు మాటల్లో చెప్పింది.

తరువాత తన జడకున్న నల్ల రబ్బరు బ్యాండు తీసి మొక్క కాడకు తగిలించింది. ముందు వచ్చినవాళ్లు ఇది తగిలించాలి, రెండోవాళ్లు చూసి ఆగాలి అంది. నీళ్లు పోయడంతో పని అయిపోదు, మట్టి తాగేదాకా ఉండాలి, తాగాక తగిలించినవాళ్లే తీయాలి, ఇంకొకరు తీయకూడదు అంది. బస్సులో ఒకే సీటును ఇద్దరు ఒకేసారి అడిగితే ఇద్దరికీ అమ్ముడుపోకుండా తన ప్రోగ్రాము చేసే పని ఇదేనట. మొదటివాళ్లు సీటుకు బ్యాండు తగిలిస్తారు, రెండోవాళ్లు ఆగుతారు. అంతే.

నాకు అర్థమైంది. తల ఊపలేదు. ఊపడం మరిచిపోయాను.

తరువాతి ఐదుగురి మాటలు చెవికెక్కలేదు. వాళ్లకూ పదికి పది వేశాను. గంగిరెద్దు అన్న అబ్బాయికి కూడా పది వేశాను. వేయకపోతే మళ్లీ అంటాడని భయం. ఆ అమ్మాయి కాగితం చివరకు అట్టిపెట్టుకున్నాను. అందులో, ఈ వ్యక్తి చెప్పింది మీకు అర్థమైందా, పదికి ఎన్ని అని ఉన్నది. రెండు అని వేశాను. కింద ఇంకేమైనా చెప్పదలచారా అన్నచోట, పెద్దవాళ్లంటే గౌరవం లేదు అని రాశాను. ఆ మూడు మాటలూ గుండ్రటి అక్షరాలతో, వత్తులు చూసుకుని మరీ రాశాను. చదువుకున్న రోజుల్లో కూడా అంత బాగా రాయలేదు.

మిగతా పరీక్షల్లో ఎన్ని వచ్చినా, ముగ్గురు కస్టమర్లలో ఒక్కరు ఐదుకు తక్కువ వేస్తే ఉద్యోగంలోకి తీసుకోరని అప్పటికి నాకు తెలియదు. తెలిస్తే వేసేవాణ్ణి కాదని రాద్దామనుకున్నాను. కానీ ఆ నిమిషాన నాకు ఉన్న కోపానికి, తెలిసినా వేసేవాణ్ణేమో. ఇదీ రాయడమే మంచిది.

4. ఇది మూడో దానికన్నా పెద్ద తప్పు. నిన్న మంగళవారం మధ్యాహ్నం ఆమె మెట్ల మలుపులో కనపడింది. పాఠం చదవడం లేదు. ఊరికే కుండీ అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. శుక్రవారం ఆఖరి రోజని కాగితం ఇచ్చారని చెప్పింది. ఇంట్లో ఇంకా చెప్పలేదట. వాళ్లమ్మ ఈమె ఉద్యోగం గురించి వీధి వీధంతా చెప్పుకుందట.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు నేను మీతో మర్యాద తప్పి మాట్లాడానా?"

లేదమ్మా అన్నాను.

"గౌరవం లేదని ఎవరో రాశారట. స్టోర్సు సార్లలో ఎవరో అయి ఉంటారు. మీరైతే రాయరు కదా?"

నేను తలూపాను.

నా తలూపుడు అబద్ధమని నిండు గదిలో పట్టుకున్న పిల్ల ఈసారి నమ్మేసింది. సరే తాతగారూ అని, డబ్బాకు దారి ఇచ్చి కిందికి వెళ్లింది. దొంగకు తేలు కుట్టినట్టు అక్కడే నిలబడిపోయాను.

మధ్యాహ్నం పని ఆమె వచ్చి ఏమిటన్నా అట్లా ఉన్నావంటే మొత్తం చెప్పాను. ఈ సంగతి మొదట చెప్పింది ఆమెకే. ఆమె చీపురు పక్కన పెట్టి విన్నది.

"ఉన్నమాటంటే ఉలుకెక్కువని, ఆ పిల్ల ఉన్నమాటేగా అంది? పదకొండేళ్లుగా మనిద్దరం కలిసి మొక్కల్ని చంపుతున్నామని చెప్పింది. కాళ్లు కడిగి కూర్చోబెట్టాల్సింది పోయి కాళ్లకింద నేల తీసేశావు కదన్నా," అంది. మిగతా పని అయ్యేదాకా నాతో మాట్లాడలేదు.

5. కావున తమరు చేయవలసినది. ఆ అమ్మాయి మీద నేను రాసిన కాగితం రద్దు చేయవలెను. నా మాట నమ్మకం కుదరకపోతే నన్ను తమ గదికి పిలిపించి పరీక్ష పెట్టవలెను. మిగతా పదకొండు మంది చెప్పింది అడగండి, నాకు నోరు పెగలదు. ఆమె చెప్పింది అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. సాక్ష్యం కావాలంటే మూడో అంతస్తుకు రండి. ఆమె చెప్పిన మర్నాటి నుంచి అక్కడి నలభై రెండు కుండీలకూ నీళ్లు పోశాక ఎర్ర దారం కట్టి, దారం ఉంటే ఆగమని మధ్యాహ్నం పని ఆమెకు చెప్పి, మర్నాడు విప్పుతున్నాను. ఒక్క మొక్కా పోలేదు. ముందు రోజు ఆమె పేరున రెండు వేసిన చేత్తోనే దారాలు కట్టాను. అప్పుడు కూడా నాకు సిగ్గు వేయలేదు. ఇప్పుడు వేస్తోంది.

నాకు శిక్ష ఏదైనా వేయండి. నీళ్ల పని మాన్పిస్తే మానేస్తాను. గంగిరెద్దు అన్న అబ్బాయిని మాత్రం ఏమీ చేయవద్దు. వాడు మాట అన్నాడు, అంతే. కాగితం రాసింది నేను.

తమకు పనులెన్నో ఉంటవి, అయినను శుక్రవారం రాకముందే ఈ ముసలివాని గోడు ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాలుగు అంతస్తుల మొక్కల మనిషి

తా.క. మడతపెట్టిన కాగితం మళ్లీ విప్పి రాస్తున్నాను. తమకు ఇచ్చే ముందు ఆమెకు చెప్పడం న్యాయమని, ఇప్పుడే మెట్ల మలుపుకు వెళ్లి చెప్పాను. రాసింది నేనే అన్నాను. ఆమె కుండీ అంచు మీది చెయ్యి తీసేసింది.

"ఎంత వేశారు?"

"రెండు."

"మిగతావాళ్లకి?"

"అందరికీ పది."

"వాళ్లు చెప్పింది అర్థమైందా మీకు?"

"ఒక్క ముక్క కాలేదమ్మా."

ఆమె గోడవైపు తిరిగింది. భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. అడగలేదు. ఇటు తిరిగాక, నిన్న అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది తాతగారూ అంది. అవునమ్మా అన్నాను. పైకి వెళ్లిపోయింది. ఈసారి డబ్బాకు దారి ఇవ్వలేదు.

ఇంకొక్క సంగతి. శిక్షణ గది మూల ఉన్న మందపాటి ఆకుల మొక్కకు ఆమె తగిలించిన నల్ల బ్యాండు అలాగే ఉన్నది. అది ఉన్నంతసేపు రెండోవాళ్లు ఆగాలి గనుక నేనూ మధ్యాహ్నం పని ఆమే ఇద్దరం దానికి నీళ్లు పోయలేదు. తొమ్మిది రోజులైంది. గట్టి మొక్క, ఇంకో వారం ఓర్చుకుంటుంది. తగిలించినవాళ్లే తీయాలన్నది నియమం. శుక్రవారం తరువాత ఆమె కార్డుకు ఈ భవనం తలుపు తెరుచుకోదు. ఆ బ్యాండు ఎవరు తీయాలో తమరే సెలవియ్యవలెను.