'దా యియే' వెబ్‌సైటు, దాని రాబడి ఎవరెవరికి

కుమాసీ నగరం బంతామా పేట వాస్తవ్యురాలిని, పూర్వం బడిపంతులమ్మను, ఇప్పుడు 'దా యియే' వెబ్‌సైటు యజమానురాలిని అయిన ఆబెనా కొనాదు అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో నేనే టైపు చేసుకున్న వీలునామా ఇది. బుర్ర భేషుగ్గా ఉందని డాక్టరు రాసిచ్చాడు. మోకాళ్ల గురించి ఆయన అన్నది ఇక్కడ అనవసరం. దీన్ని అమలు జరపవలసింది లాయరు సార్పోమా గారు.

ఆస్తి ఏమిటో ముందు చెప్పాలి. ఎవరు పోయారు, ఎనిమిదో రోజు సంతాపానికి ఎక్కడ కూర్చుంటున్నారు, నలుపు కట్టాలా ఎరుపు కట్టాలా, చదివింపులు ఎవరి చేతికివ్వాలి, ఇవన్నీ మా అసాంతే జాతివాళ్లకు ఒక్కచోట దొరికేది నా వెబ్‌సైటులోనే. పోయినవాళ్ల కథ కూడా అందులో ఉంటుంది. 'దా యియే' అంటే హాయిగా నిద్రపో అని. రాత్రి పడుకోబోయేవాళ్లకూ అదే చెబుతాం, పెట్టెలో పడుకున్నవాళ్లకూ అదే చెబుతాం.

ఒకటి. మా అన్నయ్య, మా తల్లి వంశానికి పెద్ద అయిన ఒపాన్యిన్ బోబీ గారికి, ఆయన నాకిచ్చిన పాత ల్యాప్‌టాప్‌ను ఛార్జరుతో సహా తిరిగి ఇచ్చేస్తున్నాను. వంశం సొమ్ము పెట్టుబడిగా పెట్టి గడించింది వంశానికే చెందుతుందని మా ఆచారం. ఈ ల్యాప్‌టాప్‌ను అడ్డం పెట్టుకుని, వెబ్‌సైటు వంశానిదేననీ, నేను కన్నుమూయగానే దాన్ని పందేల కంపెనీకి అమ్మేస్తాననీ ఆయన ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. అన్నయ్యా, నువ్విచ్చిన రోజు నుంచీ అది ఆన్ కాలేదు. నేను నా జీతంలో మిగుల్చుకుని వేరేది కొనుక్కున్నాను. నీది వంటింటి కిటికీ గాలికి కొట్టుకోకుండా ఇన్నేళ్లూ అడ్డంగా నిలబడింది. ఆ మేలు మరిచిపోను.

మొదట్లో ఆయన అన్న మాట కూడా మరిచిపోను. "చావు కబుర్లు రాసి ఎవరు బాగుపడ్డారే? అందులోనూ అన్నీ అక్షరదోషాలాయె!" అన్నాడు. మా భాషలో నోరు బాగా తెరిచి పలికే 'ఒ' కంప్యూటరు మీటల్లో లేదు. ఫోన్లో అందరూ దాని బదులు కుడి బ్రాకెట్టు కొడతారు, నేనూ అలాగే రాశాను. చదువుకున్న పెద్దలు నవ్వారు. కానీ జనం వెతికేటప్పుడు కూడా ఆ బ్రాకెట్టే కొడతారు కదా! అలా వెతికే జనాన్ని గూగుల్ తిన్నగా తెచ్చి నా గుమ్మంలో దింపింది. శుద్ధంగా రాసిన వెబ్‌సైట్లు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాయి.

రెండు. ప్రకటనల మీద వచ్చే రాబడి మా చెల్లెలి కొడుకు యావ్ న్యార్కోకు. వీడు నన్ను పెద్దమ్మా అని పిలిచేది జేబు ఖాళీ అయినప్పుడే, అయినా పిలుపు తియ్యగా ఉంటుంది. ప్రకటనల సంగతి వీడు తెలుసుకోవాలి. మొదట మనుషులెవరూ నాకు ప్రకటనలు ఇవ్వలేదు, ఇంటర్నెట్‌లో ప్రకటనలు పంచే యంత్రమే ఇచ్చేది. దానికి మా మాటలు సగమే తెలుసు. హాయిగా నిద్రపో అన్న పేరు చూసి ఇదేదో నిద్ర వ్యవహారం అనుకుంది. ప్రతి చావు కబురు పక్కనా మెత్తటి పరుపు, దాని మీద నవ్వుతూ ఒక పిల్ల! నేను సిగ్గుతో చచ్చిపోయాను. తీసేద్దామనుకునే లోపే పరుపులు అమ్ముడుపోవడం మొదలైంది. ఎందుకు అమ్ముడుపోవు? చావింటికి ఊళ్ల నుంచి దిగిన బంధువులు ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా. చివరికి పరుపులాయనే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, యంత్రాన్ని మధ్యలోంచి తప్పించి, ఆ చోటును నెలవారీ అద్దెకు తీసుకున్నాడు. అది యంత్రం విదిలించేదానికి ఎన్నో రెట్లు. ఒరేయ్ న్యార్కో, పందేల ప్రకటన ఒక్కటి వేసినా ఈ రాబడి నీకు దక్కదు. నీ మోటారుసైకిలు ఎలా పోయిందో నాకు తెలుసు.

మూడు. చావు గుడ్డల దుకాణాలకు మేం దారి చూపిస్తాం. మా వెబ్‌సైటులో లింకు నొక్కి వెళ్లి ఎవరు కొన్నా మాకు కమీషను వస్తుంది. అది కెజెతియా బజారులో గుడ్డలమ్మే నా స్నేహితురాలు దుఫియేకు. నాతో మొదట బేరం కలిపింది ఆవిడే. నాకు పూట గడవని రోజుల్లో అప్పనో సాయమనో ఏ పేరూ పెట్టకుండా కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్ద, వేయించిన చేప పంపింది కూడా ఆవిడే. దుఫియే, నా ఎర్రంచు గుడ్డ కూడా నీదే. ఎప్పటి నుంచో దాని మీద నీ కన్ను.

నాలుగు. హాంబర్గులోనూ టొరంటోలోనూ ఉన్న మనవాళ్లు అంత్యక్రియలు ప్రత్యక్షంగా చూడడానికి చందా కడతారు. ఆ చందా డబ్బు ఎవరికీ కాదు. పెట్టె కొనడానికే దిక్కులేని ఇళ్లవాళ్ల చావు కబుర్లు ఉచితంగా వేయడానికీ, వాళ్ల పేర్లు ఎన్నటికీ చెరిగిపోకుండా నిలపడానికీ అది వాడాలి. పందేల కంపెనీ వస్తే ముందు తుడిచేసేది ఆ పేర్లనే. నా భయమంతా అదొక్కటే.

ఐదు. కాబట్టి 'దా యియే' వెబ్‌సైటును, పేరును, తాళపు మాటలను, ఇకముందు దాని మీద తోచే కొత్త సంపాదన దారులన్నిటినీ మా ఆయన మొదటి భార్య కూతురు ఆడ్వొవా బిరాగోకు ఇస్తున్నాను. అది మన వంశం పిల్ల కాదని అన్నయ్య గొంతు చించుకుంటాడు, నిజమే, కాదు. కానీ ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుని, పోయినావిడ సూపులో ఉప్పెంత వేసేదో కూడా అడిగి రాసేది ఇదొక్కతే. తమ టానిక్కు తాగి ఉంటే ఫలానా ముసలాయన బతికేవాడని రాయమని ఒక మూలికల వ్యాపారి డబ్బు మూట చూపిస్తే, ఇది చెప్పిన జవాబు వినండి. "ఆయన్ను అడిగి చెబుతానండీ, అడ్రసు శ్మశానంలో ఉంది." బిరాగో, డబ్బు తీసుకుని రాసిందైతే డబ్బు తీసుకున్నామని నెత్తిమీదే రాయి. మనల్ని నమ్మడం మానేస్తే ఆపైన ఏ దారీ పనిచేయదు.

ఇక అన్నయ్యకు. ఇచ్చినది నిలవాలంటే పుచ్చుకున్నవాళ్లు అసేడా పెట్టాలి, అంటే కృతజ్ఞతగా సాక్షుల ముందు మందు సీసా ఇవ్వాలి, పెద్దలు తాగాలి. పోయిన నా పుట్టినరోజు సాయంత్రం మా ముంగిట్లో అందరూ ఉండగా బిరాగో జిన్ను సీసా తెచ్చి నీ ముందు పెట్టింది. నేను నిలబడి, "బిరాగోకు దా యియే ఇచ్చాను, ఇది దాని అసేడా" అని నిదానంగా, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పాను. నీ చూపంతా సీసా మీదే. నేను పిల్లకు పడుకోమని చెబుతున్నాననుకున్నావు. "సరేలే, పడుకోనీ. ముందు పొయ్యండి!" అన్నావు. మొదటి గ్లాసు నీదే, రెండోదీ నీదే. ఈ కింది సాక్షులిద్దరూ నీ పక్కనే కూర్చుని తాగారు. ఆ యంత్రం పడ్డ గోతిలోనే నువ్వూ పడ్డావు, అన్నయ్యా! అది పరుపులు తెచ్చింది, నువ్వు తాగి నేనిచ్చినదాన్ని ఖాయం చేశావు. ఇద్దరికీ నా ధన్యవాదాలు.

ఆరు. నా చావు కబురు బిరాగోయే రాయాలి. వెతికేవాళ్లకు దొరకాలి కాబట్టి నా పేరులో బ్రాకెట్టు పెట్టి తీరాలి. నా ఫోటో పక్కన చోటు ఖాళీగా వదలొద్దు. ఆ రోజు చూసేవాళ్లు ఎక్కువగా ఉంటారు, పరుపులాయన దగ్గర రెట్టింపు అద్దె వసూలు చేయండి. చివర 'దా యియే' అని రాయండి. పక్కన మెత్తటి పరుపు ఉంటుంది. చాలా అలసిపోయాను, ఈసారి దాని అర్థం పరుపనే తీసుకోండి.

కుమాసీ, 2023 మార్చి 7, మంగళవారం.

(సంతకం) ఆబెనా క)నాదు

సాక్షులు:
ఎబెనెజర్ ఒసాఫో, శవపేటికల వడ్రంగి
గ్రేస్ అగ్యపోమా, చర్చి గాయకబృందం పెద్ద